చివరి వరస నుంచి చెవి దాకా: ఘంటసాల గానప్రస్థానం
(ఉంగుటూరులో జరిగిన ఘంటసాల వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్ళు. ఆయన పోయి అర్ధశతాబ్దం దాటినా, ఏటా ఈ తేదీకి ఒక సభ పెట్టి, పాటలతో పాటు ఒక ప్రసంగం కూడా ఉండాలని పట్టుబట్టిన నిర్వాహకుల అభిరుచికి మొదట కృతజ్ఞతలు. పాట ఎలాగూ మన దగ్గరికి వస్తుంది. ఆ పాట ఎలా పుట్టింది, ఎందుకు అంతగా నిలిచింది అన్న ఆలోచనకు మాత్రం మనమే చోటు చేసి ఇవ్వాలి.

ఘంటసాల గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే విశేషణాలు వరస కడతాయి. గానగంధర్వుడు, అమరగాయకుడు, దైవదత్తమైన కంఠం. ఇవన్నీ ప్రేమతో అన్న మాటలే. కానీ ఈ బిరుదుల కింద ఒక మనిషి చేసిన కష్టం, ఒక కాలం తెచ్చిన మార్పు కప్పబడిపోతున్నాయని నా అభిప్రాయం. మంచి గొంతున్నవాళ్ళు ఆ తరంలో చాలామంది ఉన్నారు. ఆయన కంటే పై స్థాయిలో పాడగలిగినవాళ్ళు, ఆయన కంటే ఎక్కువ సంగతులు వేయగలిగినవాళ్ళు మన రంగస్థలం మీదే ఉన్నారు. వాళ్ళందరినీ దాటి ఈ ఒక్క కంఠం తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి ఎలా వెళ్ళింది? ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఒకటే. గుడారంలో చివరి వరసలో కూర్చున్నవాడికి వినిపించాలన్న అవసరంతో పెరిగిన గానాన్ని, పక్కన కూర్చున్నవాడి చెవికి చెప్పే మాటంత దగ్గరికి ఆయన తెచ్చారు. ఆ ప్రయాణంలో ఆయన సంపాదించిన విద్య ఎంత ఉందో, వదులుకున్నదీ అంత ఉంది. ఆ వదులుకోవడంలోనే ఆయన ఘనవిజయం ఉంది.

ముందు ఊరి సంగతి. ఘంటసాల 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. కొల్లేటికి ఈవలి ఒడ్డున మనం, ఆవల కైకలూరు దాటితే గుడివాడ సీమ. జిల్లా వేరైనా నీళ్ళ కథ ఒకటే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ రెండు డెల్టాల బతుకు మారింది. గోదావరి నీళ్ళు ఏలూరు కాలువ మీదుగా, కృష్ణ నీళ్ళు అటు నుంచి వచ్చి ఏలూరులోనే కలుసుకున్నాయి. కాలువల మీద ధాన్యం పడవలు నడిచాయి. ధాన్యం మిగిలిన చోట డబ్బు మిగిలింది, డబ్బు మిగిలిన చోట కోతలయ్యాక నాలుగు రాత్రులు నాటకం ఆడించే తీరిక దొరికింది. 1890లలో రైలుమార్గం పడేసరికి నాటక సమాజాలు తెరలతో, హార్మోనియం పెట్టెలతో, దీపాలతో ఊరూరూ తిరగడం తేలికైంది. గాయకుడెవరైనా పుట్టేది తల్లికడుపునే. కానీ అతనికి శ్రోత పుట్టాలంటే ఇంత చరిత్ర నడవాలి.

ఆ శ్రోత పద్యానికి అలవాటు పడ్డ శ్రోత. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తి వారి గయోపాఖ్యానం, బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్ర ఈ నేలమీద చదువు రానివాళ్ళకు కూడా కంఠస్థం. పడకసీను, రాయబారం, కాటిసీను అంటే చాలు, కథ చెప్పనక్కర్లేదు. ఏలూరులో వకీలుగా ఉంటూ కృష్ణ పాత్రకు పేరు మోసిన బందా కనకలింగేశ్వరరావు గారు కొల్లేటి ఒడ్డు ఆటపాకలో పుట్టినవారే. 1938లో ఆయన ఏలూరులో ప్రభాత్ థియేటర్‌ను నెలకొల్పారు. నాటకాన్ని ఒక క్రమశిక్షణగా చూడాలన్న తపన ఈ పట్టణంలో అప్పటికే ఉందని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే ఆ రంగస్థల పద్యానికి ఒక ఒత్తిడి ఉండేది. మైకు లేదు. ఎదుట వెయ్యిమంది జనం. పసిపిల్లల ఏడుపులు, సోడా కొట్టువాడి కేకలు, చలిగాలి. నటుడు పై స్థాయిలో ఎత్తుకోకపోతే మాట వెనక్కు చేరదు. అందుకే పద్యం చివరి అక్షరం పట్టుకొని రాగం తీయడం, హార్మోనియం మనిషి ఆ రాగాన్ని మరో మెట్టు ఎక్కించడం, జనం "ఒన్స్‌మోర్" అనడం, నటుడు మళ్ళీ అందుకోవడం. పద్యంలోని అర్థం మొదటి రెండు పాదాల్లోనే అయిపోయేది, మిగతాదంతా కంఠబలం. దీన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. అప్పటి పరిస్థితికి అది తప్పనిసరి. ఆ గొంతులే కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి గ్రామఫోను రికార్డుల్లో ఈనాటికీ వినబడుతుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతికి కాలం చెల్లబోతోందని 1920లలో పుట్టిన పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్లవాడి చిన్నతనం భజనల్లో గడిచింది. తండ్రి సూరయ్య గారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. కొడుకును భుజాన ఎక్కించుకొని భజనలకు తీసుకువెళ్ళేవారు. తరంగానికి పిల్లవాడు అడుగులు వేస్తుంటే ఊళ్ళో బాలభరతుడన్నారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తరువాత మేనమామ ప్రాపులో ఉంటూ, సంగీతం నేర్చుకోవాలన్న ఒక్క పట్టుదలతో చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం రైలెక్కారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు అప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాలు. తిండికి మాత్రం దారి లేదు. మధుకరం ఎత్తారు. ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నంతో చదువుకోవడం ఆనాడు కొత్త కాదు, కాని చులకన తప్పేది కాదు.

విజయనగరంలో ఆయనకు దొరికిన అసలు ఆస్తి పట్రాయని సీతారామశాస్త్రి గారు, అంటే సాలూరు చిన గురువు గారు. శాస్త్రి గారు స్వయంగా హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. రాగం మాటకు తోడు నడవాలని నమ్మిన గాయకుడాయన. శాస్త్రీయ సంగీతపు పెద్దలు చాలామంది హార్మోనియాన్ని ఆమోదించని కాలమది. 1940లో ఆకాశవాణి ఏకంగా ఆ వాద్యాన్నే నిషేధించింది. అటువంటి రోజుల్లో ఒక గురువు ఆ పెట్టెనే ముందు పెట్టుకొని, పద్యానికీ కీర్తనకూ నడుమ ఉన్న గోడను అంతగా లెక్కచేయకుండా పాడుతుంటే, ఎదుట కూర్చున్న శిష్యుడికి ఏం అబ్బుతుందో మనం ఊహించుకోవచ్చు. గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారే తరువాత మద్రాసులో దశాబ్దాల పాటు ఘంటసాలకు హార్మోనియం సహకారం అందించారు. ఆ గురుకులం విజయనగరంతో ముగియలేదన్నమాట. అది రికార్డింగ్ థియేటర్ దాకా వెంట వచ్చింది.

1942లో చదువు ముగిసింది. అదే ఏడు క్విట్ ఇండియా ఉద్యమం. ఇంటికి వచ్చిన సంగీత విద్వాంసుడు వీధిలోకి వెళ్ళి అరెస్టయ్యారు. బళ్ళారి అలీపురం జైలులో ఏడాదిన్నర ఉన్నారు. జీవితచరిత్రల్లో ఇది దేశభక్తి అధ్యాయంగా వచ్చి వెళ్ళిపోతుంది. నాకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. కచేరీ వేదిక మీదికి వెళ్ళవలసిన వయసులో ఆయన జనం మధ్య ఉన్నారు. సభకు పాడే విద్వాంసుడిగా గట్టిపడే అవకాశం తప్పిపోయింది. తప్పిపోవడం తెలుగువాళ్ళ అదృష్టం.

1944లో సావిత్రి గారితో వివాహం. అత్తవారి ఊరు పెదపులివర్రు. ఆ ఊరి బంధుత్వం వల్ల సముద్రాల రాఘవాచార్యుల గారి పరిచయం, ఆయన మాట మీద మద్రాసు ప్రయాణం. మద్రాసులో మొదటి రోజులు పానగల్ పార్కు బెంచీల మీద గడిచాయన్నది ప్రసిద్ధమైన కథ. 1938లో మొదలైన మద్రాసు రేడియో స్టేషన్‌లో బాలాంత్రపు రజనీకాంతరావు గారు తెలుగు లలిత సంగీతానికి ఒక రూపం దిద్దుతున్నారు. అక్కడ పాడే అవకాశం దొరికింది. హెచ్.ఎం.వి.లో ఉన్న పేకేటి శివరామ్ గారి ప్రోత్సాహంతో ప్రైవేటు పాట రికార్డయింది. 1944లో వచ్చిన సీతారామ జననంలో బృందగానం, 1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాట. బయటికి చూస్తే ఇవన్నీ చిన్న చిన్న మెట్లే. కానీ ఈ రెండు మూడేళ్ళలో ఆయన ఒక కొత్త విద్య నేర్చుకున్నారు. దానికి అప్పటికి గురువులెవరూ లేరు. మైకు ముందు నిలబడటం.

ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను. ప్రపంచంలో మైకు వచ్చాక పాట స్వభావమే మారింది. అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటివారు 1920ల చివర, 1930లలో మెల్లగా, మాట్లాడుతున్నట్టుగా పాడటం మొదలుపెట్టారు. మైకు లేని రోజుల్లో అలా పాడితే రెండో వరసకు కూడా వినబడేది కాదు. మన దేశంలో కె.ఎల్. సైగల్ ఆ దారి పట్టారు. 1935 నాటి హిందీ దేవదాసులో ఆయన పాడిన తీరు ఉత్తరాది పాటను తిప్పేసింది. దక్షిణాదిన చిత్తూరు నాగయ్య గారు ఆ మృదుత్వాన్ని తెలుగుకు తెచ్చారు. ఎం.ఎస్. రామారావు గారు మరోవైపు నుంచి తెచ్చారు. కాబట్టి మెత్తగా పాడటం ఘంటసాల కనిపెట్టింది కాదు. ఆయన ముందున్న ప్రశ్న మరింత కఠినమైనది. తరంగం, కీర్తన, నాటకపద్యం ఇవన్నీ గొంతులో నింపుకొని వచ్చిన డెల్టా గాయకుడు, ఆ బరువును పోగొట్టుకోకుండా మైకు కొలతకు సరిపోవడం ఎలా? మెత్తదనం తెలిసినవాళ్ళకు బరువు లేదు, బరువున్నవాళ్ళకు మెత్తదనం రాదు. ఆయనకు రెండూ కావాలి.

ఆనాటి రికార్డింగ్ ఎలా ఉండేదో తెలిస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. గాయకుడూ వాద్యబృందమూ ఒకే హాలులో, ఒకేసారి. ఇప్పటిలా ముక్కలు ముక్కలుగా పాడి అతికించడం లేదు. ఎక్కడో వయొలిన్ తప్పినా పాట మొదటి నుంచి. మైకు నుంచి ఎంత దూరంలో నిలబడాలి, పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఎంత వెనక్కు జరగాలి, ఊపిరి పీల్చే చప్పుడు పడకుండా ముఖం ఎటు తిప్పాలి, ఇవన్నీ శరీరంతో నేర్చుకోవలసిన సంగతులు. ఇక గ్రామఫోను ప్లేటు సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. విజయనగరంలో రాగాలాపనకే అంతకు పదింతలు పట్టేది. ఆ మూడు నిమిషాల్లో పల్లవి నిలవాలి, చరణాలు తిరగాలి, రాగం తెలియాలి, మాట అర్థం కావాలి. ఏది ఉంచాలో తేల్చుకోవడం కంటే ఏది తీసేయాలో తేల్చుకోవడం కష్టం.

ఇప్పుడు మన జిల్లాకు గర్వకారణమైన ఒక మాట. ఘంటసాలకు సంగీత దర్శకుడిగా పెద్ద తలుపు తెరిచింది 2022లో జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు సీమ. నూజివీడు పక్కన మీర్జాపురం జమీందారు గారు మద్రాసులో శోభనాచల సంస్థ నడిపేవారు. 1949లో వాళ్ళ కీలుగుర్రానికి ఘంటసాల సంగీతం. జమీందారు గారి సతీమణి, పశ్చిమగోదావరి పంగిడిలో పుట్టిన గాయని, నటి కృష్ణవేణి గారు అదే ఏడు మనదేశం తీశారు. ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం, నందమూరి తారక రామారావు గారికి తొలి చిత్రం. దానికీ ఘంటసాలే సంగీత దర్శకుడు. స్వాతంత్ర్యోద్యమ కథకు జైలుకు వెళ్ళివచ్చిన సంగీత దర్శకుడు. 1950లో లక్ష్మమ్మ. బియ్యం మిగిలిన నేల నుంచి పోయిన డబ్బు, మద్రాసులో స్టూడియోగా మారి, అదే నేల గాయకుడి చేతికి వాద్యబృందాన్ని అప్పగించింది. చరిత్రలో ఇటువంటి మలుపులు అనుకోకుండా జరిగినట్టు కనిపిస్తాయి. కాలువ తవ్విన నాటి నుంచి లెక్క వేస్తే అంత అనుకోనివేమీ కావు.

ఘనవిజయం ఏ రోజు వచ్చిందని అడిగితే ఒక తేదీ చెప్పలేం. 1948 బాలరాజుతో మొదలై 1953 దేవదాసుతో సంపూర్ణమైందని నేను అనుకుంటాను. నడుమ 1951లో పాతాళభైరవి. విజయా వారి చిత్రం, కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి పాటలు. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా ఆ సినిమాను చూపించారు. అందులోని ప్రేమగీతానికి ఘంటసాల ఎంచుకున్న రాగం రాగేశ్రీ. హిందుస్తానీ నుంచి తెచ్చుకున్న రాగం. జానపద కథలో తోటరాముడు పాడుకునే పాటకు ఉత్తరాది రాగం పెట్టడం సాహసమే. కానీ వినేవాడికి సాహసమని తెలియలేదు, ఇంట్లో పాటలా వినబడింది. విద్వత్తు ఉన్నా కనబడనివ్వని ఆ పద్ధతి అక్కడ స్థిరపడింది. తరువాతి కాలంలో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ గారికి మద్రాసులో తన ఇంట ఆతిథ్యమిచ్చి, దగ్గర కూర్చుని వినడం ఆ ఆసక్తికి కొనసాగింపు.

దేవదాసుకు సంగీతం సి.ఆర్. సుబ్బురామన్ గారిది. చిత్రం విడుదలకు ముందే, 1952లో, ఆయన చనిపోయారు. సైగల్ పాడిన పాత్ర అది. పోలిక తప్పదు. ఘంటసాల సైగల్‌ను అనుకరించలేదు. సైగల్ దేవదాసులో ఒక నిర్లిప్తత ఉంటుంది, లోకం చేయి జారిపోతున్నా పట్టుకోనివాడి గొంతు. ఘంటసాల దేవదాసులో పల్లెటూరి వాడి వేదాంతం ఉంటుంది. తాగి ఉన్నవాడు తూలుతూ పాడుతున్నా శ్రుతి ఒక్క వెంట్రుకవాసి జారదు. మాట మాత్రం తడబడినట్టు వినబడుతుంది. ఇది అతి కష్టమైన పని. గొంతులో తూలు చూపిస్తూ స్వరాన్ని నిలబెట్టాలంటే, ఎక్కడ తూలాలో ముందే లెక్క ఉండాలి. తమిళ దేవదాసుకు కూడా ఆయనే పాడారు. అక్కినేని నాగేశ్వరరావు గారి ముఖం, ఘంటసాల గొంతు ఒకటే అని ప్రేక్షకులు నమ్మడం మొదలైంది ఇక్కడి నుంచే.

ఈ నమ్మకం వెనుక ఒక పెద్ద మార్పు ఉంది. రంగస్థలం మీద గొంతూ ముఖమూ ఒకరివే. తొలినాటి టాకీల్లో కూడా అంతే, నాగయ్య, ఈలపాట రఘురామయ్య, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు తమ పాటలు తామే పాడుకున్నారు. నేపథ్యగానం వచ్చాక గొంతు ముఖం నుంచి విడిపోయింది. విడిపోయిన గొంతుకు ఇక ఒక్క యజమాని లేడు. అదే గొంతు నాగేశ్వరరావు గారికీ రామారావు గారికీ సరిపోయింది. అదే గొంతును పొలంలో రైతు, గుమస్తా, కాలేజీ కుర్రవాడు తన గొంతుగా అరువు తెచ్చుకున్నారు. మాయాబజార్ (1957)కు ఎస్. రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకుంటే మిగిలిన సంగీతమంతా ఘంటసాల పూర్తి చేశారు. ఎవరి బాణీ ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలైందో సామాన్య శ్రోతకు పట్టలేదు. తన ముద్ర వేయాలన్న ఆరాటం లేకుండా పని నడపడం కూడా ఒక రకమైన మితమే. గుండమ్మ కథ (1962), లవకుశ (1963), పాండవ వనవాసం (1965), ఇవన్నీ ఇక్కడివారికి ఎటూ తెలిసినవే, వాటి జాబితా చదివి మీ సమయం తీసుకోను.

పద్యం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. నా దృష్టిలో ఆయన తెలుగు సంగీతానికి చేసిన అతిపెద్ద పని అదే. 1967 నాటి శ్రీకృష్ణావతారంలో, టి.వి. రాజు గారి సంగీతంలో, తిరుపతి వెంకట కవుల పడకసీను పద్యాలు ఉన్నాయి. అవే పద్యాలు ఈ ప్రాంతపు నాటకాల్లో ఎలా పాడేవారో పెద్దలకు తెలుసు. రంగస్థలం మీద కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే జనం చూపు రాగం మీదకు పోయేది. ఎదుట నిలబడ్డ బావమరిది, బంధువు అంతసేపూ విగ్రహాలు. ఘంటసాల ఏం చేశారు? పలకరింపును పలకరింపుగా ఉంచారు. కుశలప్రశ్నకు ఎంత సాగదీత ఉండాలో అంతే ఉంచారు. యతి దగ్గర విరవకుండా అర్థం ఎక్కడ తెగుతుందో అక్కడ విరిచారు. సమాసం పొడుగ్గా ఉంటే దాన్ని ఒకే ఊపిరిలో నడిపించి, క్రియాపదం దగ్గర ఒక చిన్న ఒత్తు ఇచ్చారు. రాగం ఉంది, కానీ అది పద్యం చివర ఒక సంతకంలా పడి ఊరుకుంటుంది. ఉత్పలమాలకూ సీసానికీ తేడా తెలియని పిల్లవాడు కూడా ఆ పద్యం విని కథ చెప్పగలడు. వ్యాకరణ పండితుడు వింటే ఒక్క అక్షరం కూడా మింగలేదని చెబుతాడు. ఇద్దరినీ ఒకేసారి తృప్తిపరచిన గాయకులు తెలుగులో ఎంతమంది?

సినిమా బయట కూడా ఆయన పద్యాన్ని నిలబెట్టారు. 'కరుణశ్రీ' జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం, కుంతీకుమారి రికార్డులుగా వచ్చాయి. ముఖం లేదు, తెర లేదు, కథానాయకుడు లేడు. పూజకు పూలు కోయబోయినవాడితో పూలు మొర పెట్టుకోవడం ఒకటీ, నీట వదిలే బిడ్డను చూసి తల్లి పడే వేదన ఒకటీ. ఆ రెండూ స్త్రీల గొంతులో, పూల గొంతులో పలకవలసిన మాటలు. ఒక పురుషుడు పాడుతున్నాడన్న సంగతి వినేవాళ్ళు మరచిపోయారు. ఆధునిక పద్యకవిత్వాన్ని పుస్తకం కొనలేని ఇంటికి మోసుకువెళ్ళిన పని ఆ నల్లటి ప్లేట్లు చేశాయి. కరుణశ్రీ గారి పేరు ఈ ప్రాంతంలో బడికి వెళ్ళనివాళ్ళకు కూడా తెలియడానికి కారణం ఏమిటో ఒకసారి ఆలోచించండి.

గొంతు దగ్గరికి వచ్చాక ఆ గొంతును మోసుకుతిరిగే సాధనాలు కూడా దగ్గరికి రావాలి. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. 1952 నుంచి కొన్నేళ్ళు ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957లో వివిధభారతి వచ్చేదాకా ఆ మళ్ళింపు ఆగలేదు. మన ఊళ్ళలో రేడియో కంటే ముందు మైకుసెట్టు. పెళ్ళి పందిట్లో కొబ్బరిచెట్టుకు హారన్ కట్టి, ఒక కుర్రవాడు పెట్టె ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుని, ప్లేటు తుడిచి, ముల్లు మార్చి పాట వేస్తుంటే పక్క ఊరికి కూడా పెళ్ళి సంగతి తెలిసేది. టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందు వెంకటేశ్వరస్వామి మీద ఆయన పాడిన భక్తిగీతం వేసేవారు. పొలం గట్ల మీద నడిచి వస్తున్నవాళ్ళు ఆ పాట విని అడుగు వేగం పెంచేవారు. భక్తిగీతమే ఆటకు గంట అయింది. మైకు ముందు మెల్లగా పాడిన గొంతు హారన్‌లోంచి మళ్ళీ వెయ్యిమందికి వినబడింది. గాయకుడు అరవనక్కర్లేదు. ఆ పని యంత్రం చేసిపెట్టింది.

ఇక్కడ ఒక కొరత కూడా చెప్పుకోవాలి. ఈ గొంతు మన అందరి గొంతు అన్నాం. అందరిదీ కాదు. ఈ చేలల్లోనే నాట్లు వేస్తూ ఆడవాళ్ళు పాడిన పాటలు, డప్పు మీద పాడిన పాటలు, కొల్లేటి లంకల్లో చేపల వలలు లాగుతూ పాడిన పాటలు ఆ మూడు నిమిషాల ప్లేటు మీదకు రాలేదు. వచ్చినవి కూడా సినిమా వాద్యాల కింద సర్దుకొని వచ్చాయి. పద్యం చదువుకున్నవాళ్ళ ఇళ్ళ నుంచి బయటికి నడిచి అందరి దగ్గరికీ వచ్చింది. గూడెం పాట మాత్రం రికార్డింగ్ థియేటర్ దాకా వెళ్ళలేదు. ఇది ఘంటసాల లోపం కాదు. ఎవరి గొంతును ప్లేటు మీద ముద్రించాలో తేల్చింది ఆనాటి వ్యాపారం. ఆయనను పొగిడేటప్పుడు మాత్రం ఈ సంగతి మరచిపోతే సగం చరిత్రే చెప్పినట్టు.

చివరి పదేళ్ళ గురించి క్లుప్తంగా. అంతకు ముందే సొంతంగా తీసిన పరోపకారం, సొంత ఊరు, భక్త రఘునాథ్ ఆయనకు పేరు గానీ డబ్బు గానీ మిగల్చలేదు. 1960ల చివరికి ఆరోగ్యం కుంగింది, గొంతు కొన్ని పాటల్లో బరువెక్కింది. ఆ పాటలను కూడా పూజాభావంతో సమర్థించేవారితో నాకు ఏకీభావం లేదు. 1966 నుంచి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు వచ్చింది. కొత్త రికార్డింగ్ పద్ధతులకు తగిన చురుకైన గొంతు. ఒక తరం మారుతోంది. 1970లో పద్మశ్రీ. 1971లో ఐరోపా, అమెరికా పర్యటన, న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితిలో కచేరీ. ఆ తరువాత భగవద్గీత.

గీత రికార్డు బయటికి వచ్చేనాటికి ఆయన లేరు. ఆయన పాడినవాటన్నింటిలో అత్యంత మితమైనది అదే. శ్లోకం, దాని వెంట తెలుగు తాత్పర్యం. శ్లోకంలో రాగం కనీకనబడనట్టు, తాత్పర్యంలో ఇంటి పెద్ద పక్కన కూర్చుని చెబుతున్నట్టు. తెలుగునాట ఆ రికార్డుకు ఒక విచిత్రమైన గతి పట్టింది. ఏ ఇంటి నుంచైనా అది వినబడితే, "ఎవరు పోయారు?" అని అడుగుతాం. వైకుంఠరథానికి కట్టిన మైకులో వేస్తున్నాం. నిస్పృహలో ఉన్న యోధుణ్ణి లేచి పనిచేయమని చెప్పిన గ్రంథాన్ని, ఇక ఏ పనీ చేయలేనివాడి ముందు వినిపిస్తున్నాం. మీ ఇంట్లో ఒక మామూలు సాయంత్రం, ఎవరూ పోని రోజున, ఆ రికార్డు మొదటి నుంచి వినమని ఈ సభా ముఖంగా కోరుతున్నాను.

ఇక ఒక విన్నపం. డిసెంబర్ 4కూ ఫిబ్రవరి 11కూ ఈ ప్రాంతంలో ఘంటసాల గానపోటీలు చాలా జరుగుతున్నాయి. వాటిలో కొన్నింటికి నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. పిల్లలు ఎంతో శ్రమపడి ఆయన గొంతులోని జీరను, ఆయన దీర్ఘాలను, చివరికి ఆయన ఊపిరి తీసుకున్న చోటును కూడా అచ్చుగుద్దినట్టు దింపుతున్నారు. మనం ఆ పోలికకే మార్కులు వేసి బహుమతి ఇస్తున్నాం. ఘంటసాల కపిలవాయి వారిని దింపలేదు, సైగల్‌ను దింపలేదు. అందుకే ఘంటసాల అయ్యారు. ఈ సభ నిర్వాహకులు వచ్చే ఏడాది పోటీకి ఒక నియమం పెట్టాలని నా కోరిక. ఆయన ఎన్నడూ పాడని పద్యం ఒకటి ఎంచి, నెల ముందు పిల్లలకు ఇవ్వండి. రాగం వాళ్ళనే కట్టుకోమనండి. ఎక్కడ విరవాలో, ఎంత రాగం తీయాలో, ఎక్కడ ఆపాలో వాళ్ళనే తేల్చుకోమనండి. తడబడతారు. మొదటి ఏడు ఎవరికీ బహుమతి ఇవ్వలేకపోవచ్చు కూడా. మార్కుల కాగితంలో మాత్రం గొంతు పోలికకు గడి ఉంచకండి. మాట స్పష్టతకు ఒకటి, విరుపుకు ఒకటి, ఆపవలసిన చోట ఆపినందుకు ఒకటి ఉంచండి. న్యాయనిర్ణేతగా పిలిస్తే వస్తాను.